సుగుణ పాటలు మోసుకుని ఉట్నూరుకు

ఉట్నూరు వెళ్ళొచ్చిన వాళ్ళు అడవి గురించి చెబుతారు, వాగుల గురించి చెబుతారు, తోవకు అడ్డమొచ్చిన నెమళ్ళ గురించి చెబుతారు. నేనూ ఐదు రోజులు ఆ వైపు తిరిగి వచ్చాను. టేకు చెట్లు ఉన్నాయి, బాగున్నాయి. కానీ నేను చెప్పాల్సింది నా ల్యాప్‌టాప్ పక్కనున్న రెండు సన్నటి రంధ్రాల గురించి, వాటిలో పెట్టడానికి నేను కొన్న ఒక వస్తువు గురించి. ఆ వైపు ఎప్పుడూ వెళ్ళని వాళ్ళు కూడా ఇలాంటి వస్తువు ఏదో ఒకరోజు కొంటారు. అప్పుడు నన్ను తలుచుకుని నవ్వుకున్నా పరవాలేదు, నాలాగా మాత్రం కొనకండి.

కరీంనగర్: నాలుగు అడుగులు

మాది స్టీలు సామాన్ల దుకాణం. తాత ఇత్తడి అమ్మాడు, బాపు స్టీలు అమ్మాడు, ఇప్పుడు తమ్ముడూ నేనూ అదే అమ్ముతున్నాం. నేను గల్లాపెట్టె పక్కన పీట మీద పెరిగాను. కొనేవాడు నాలుగు అడుగులు వేసేదాకా పిలవకూడదని నాకు అక్షరాల కంటే ముందు తెలిసింది. మొదటి రెండు అడుగులు ఉత్త నటన. మూడో అడుగులో అనుమానం. నాలుగో అడుగులో చెవి వెనక్కి తిరుగుతుంది. అప్పుడు పిలవాలి. నేను కొనడానికి వెళ్ళినప్పుడు కూడా ఆ నాలుగు అడుగులే వేస్తాను. ఇన్నేళ్ళలో నన్ను వెనక్కి పిలవని దుకాణదారుడు లేడని గొప్పగా చెప్పుకునేదాన్ని.

సుగుణ నాకు పరిచయమైంది కూడా ఆ అడుగుల వల్లనే. ముప్పై ఏళ్ళ కిందటి మాట. టీచర్ ట్రైనింగ్‌కు వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి టిఫిన్ డబ్బా అడిగింది. ధర చెప్పాను, తగ్గించమంది, కుదరదన్నాను. వెళ్ళిపోయింది. నాలుగు అడుగులయ్యాయి, ఆరు అయ్యాయి, గల్లీ మలుపు కూడా తిరిగింది. వెనక్కి చూడలేదు. నేనే చెప్పుల్లేకుండా ఉరికి పట్టుకున్నాను.

"జర ఆగొచ్చు గద, పిలుస్తుండె గద," అన్నాను.

"పైసలు లేవు గదా. ఆగి ఏం జేయాలె?" అంది.

అది ఆట అని ఆమెకు తెలియనే తెలియదు. ఆమె అడిగిన ధరకే ఇచ్చి, మూత మీద మెషీన్‌తో చుక్కలు చుక్కలుగా 'సుగుణ' అని పేరు కొట్టి ఇచ్చాను. అప్పటి నుంచి ముప్పై ఏళ్ళు స్నేహం.

ఉద్యోగం వచ్చి ఆమె ఉట్నూరు వెళ్ళింది. అక్కడి మెథడిస్టు సంఘంలో ఆడవాళ్ళ చేత పాటలు పాడించేది. ప్రతి శనివారం సాధన. ఆ సాధన అంతా చిన్న రికార్డర్‌లో పట్టి, తర్వాత ఒక హార్డ్ డిస్కులో దాచేది. నిరుడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. ఏడాది నిండాక ఒక ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పది రోజుల ముందు ఆమె భర్త శామ్యూల్ అన్న ఫోన్ చేశాడు. ఆయన జీపు నడుపుతాడు, మాట తక్కువ.

"చెల్లె, నా ఫోన్ల ఉన్నయన్నీ ఆస్పత్రియే. అన్నిట్ల దగ్గుడే. ఆమె పాడింది ఇనాలె. ఒక్క పాటయినా సరే. డిస్కు మెట్‌పల్లిల బిడ్డ దగ్గరున్నది. నీకు కంప్యూటరున్నది గదా."

ఉంది. పోయిన దసరాకు కొన్నాను. లావుదాని కంటే పలుచనిది ఆఫర్‌లో బాగా తక్కువకు వస్తుంటే పలుచనిదే తీసుకున్నాను. ఇంటికొచ్చాక చూస్తే పక్కన టైప్-సి రంధ్రాలు రెండే ఉన్నాయి, అందులో ఒకటి ఛార్జింగ్‌కే పోతుంది. తక్కువ రంధ్రాలుంటే తక్కువ దుమ్ము పోతుందిలే అని తమ్ముడితో వాదించాను కూడా.

కాబట్టి గురువారం పొద్దున, షట్టర్ ఎత్తగానే, బోనీ వేళకు కంప్యూటర్ సామాన్ల దుకాణానికి వెళ్ళాను. బోనీ బేరాన్ని ఎవరూ పోగొట్టుకోరు. నేను ఆ వేళకు వెళ్ళానంటే దుకాణదారుడికి పాపం అప్పుడే తెలిసిపోవాలి.

"ఏమేం పెట్టాలె అక్కా దీనికి? ముందుగాల గది చెప్పు," అన్నాడతను.

చెప్పాను. పాత హార్డ్ డిస్కు. సంఘంలో ఉన్న పాత ప్రొజెక్టర్, వెడల్పు మూతిది. సౌండ్ బాక్స్ తీగ. ఛార్జర్.

"నాలుగు పెట్టాలె. నీకున్నయి రెండు." అతను గాజుబల్ల మీద రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి ఇటుకంత ఉంది. రెండోది వేలంత ఉంది. "గీ పెద్దదాన్ని డాక్ అంటరు. దీనికి సొంత కరెంటున్నది. డిస్కుకు ఇదే పోస్తది, నీ ల్యాప్‌టాప్‌కు ఇదే ఛార్జింగ్ పెడ్తది. గీ చిన్నదానికి ఏం లేదు. అన్నీ నీ ల్యాప్‌టాప్ పొట్టలకెల్లే తాగాలె. పాత డిస్కులకు దప్పిక జాస్తి."

"పెద్దదెంత?"

"మూడువేల ఎనిమిది వందలు."

"రెండు వేలు."

అతను నవ్వాడు. "దుకాణం నీ పేరు మీద రాయమంటవా అక్కా? మూడువేల ఆరు వందలు, బోనీ కాబట్టి."

నేను నాలుగు అడుగులు వేశాను. పిలిచాడు. అయితే పెద్దదాని కోసం కాదు. "రెండు వేలల్ల గది రాదు గని, గీ చిన్నది తీస్కపో. ఎనిమిది వందలకిస్త."

చిన్నదానికి కూడా నాలుగు మూతులు ఉన్నాయి. అన్నీ పడతాయి. పెద్దదాని ధరతో పోలిస్తే దాదాపు మూడు వేలు నాకు మిగిలినట్టే అనిపించింది. మా దుకాణంలో ఎవరైనా గిన్నె మందం చూడకుండా ధర చూసి తీసుకుంటే నేనే చివాట్లు పెడతాను. చేతిలో పెట్టి తూకం చూడమంటాను, గోటితో కొట్టి మోత వినమంటాను. ఆ రోజు నేను మోత వినలేదు.

సంచిలో పెట్టి ఇస్తూ అతను అన్నాడు: "ఒక్కటి గుర్తువెట్టుకో అక్కా. డిస్కు పెట్టినప్పుడు వేరేదేం పెట్టకు. ముందుగాల కాపీ చేస్కో, తర్వాతనే పాటలు గీటలు."

నేను చిల్లర లెక్కపెట్టుకుంటున్నాను.

మెట్‌పల్లి: టిఫిన్ డబ్బా

కరీంనగర్‌లో బస్సెక్కితే మెట్‌పల్లి దాకా పసుపు చేలు, మక్క చేలు. ఊళ్ళలో కొత్త డాబాల పిట్టగోడల మీద సిమెంటు విమానాలు. గల్ఫ్‌కు పోయిన వాళ్ళ ఇళ్ళని వేరే చెప్పక్కర్లేదు. మా పక్క ధనం వస్తే దుకాణం మీద ఇంకో అంతస్తు వేస్తాం, ఈ పక్క విమానం వేస్తారు.

సుగుణ బిడ్డ రూతు బాలింత. ఇరవై రోజుల పాప పక్కలో ఉంది, అందుకే తన తల్లి కూడికకు రాలేనంది. భర్త మస్కట్‌లో ఉన్నాడు. రూతు అత్త నాకు కూడా బాలింత కారమే కలిపి పెట్టింది. "వేరే వండే ఓపిక లేదు, నువ్వు గూడ బాలింతవే అనుకో," అంది. మిరియం, శొంఠి ఘాటుకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ముసిముసిగా నవ్వుతూ ఇంకో ముద్ద పెట్టింది.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. పొద్దున రూతు బీరువాలోంచి టిఫిన్ డబ్బా తీసింది. మూత మీద చుక్కల పేరు. ముప్పై ఏళ్ళు తోమినా అరగలేదు. లోపల మెత్తటి గుడ్డలో హార్డ్ డిస్కు.

"అమ్మనే గిండ్ల పెట్టుకున్నది చిన్నమ్మా. డిస్కు కింద పడ్డా ఏం గాదని. నీ దుకాణం డబ్బా గట్టిదట."

"నువ్వు ఇన్నవా ఎప్పుడన్న?"

"లే. నా కాడ ఫోనే ఉండె. కాపీ చేయిద్దామని నాలుగుసార్లు బయటికి తీసిన, చేతులాడలే." పాపను ఇటు నుంచి అటు మార్చుకుంది. "బస్టాండ్ కాడ కంప్యూటరాయన ఉన్నడు. పోయేటప్పుడు ఒక కాపీ చేయించి పెట్టుకో. నాకు గూడ పంపు చిన్నమ్మా. దీనికి అమ్మమ్మ గొంతు ఇనిపియ్యాలె."

అతని దుకాణం మెట్ల కింద ఉంది. డిస్కు చేతిలోకి తీసుకుని పాతకాలపు గడియారం చూసినట్టు చూశాడు.

"గంట పడుతది. పెన్ డ్రైవ్‌తోని మూడు వందలు."

"నూట యాభై ఇస్త."

అతను డిస్కు నా చేతిలో పెట్టి తన తెర వైపు తిరిగాడు. నేను డబ్బా మూత పెట్టి నాలుగు అడుగులు వేశాను. నాలుగో అడుగు దగ్గర అలవాటుగా నిదానించాను. అయిదో అడుగు వేయడం నాకు కొత్త. ఎదురుగా ఖానాపూర్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఉట్నూరులో నా ల్యాప్‌టాప్‌లోనే ఉత్తగా కాపీ చేసుకుంటానని అనుకుని ఎక్కేశాను. కూర్చున్నాక కిటికీలోంచి చూస్తే అతను ఎవరికో ఫోటో ప్రింట్ తీస్తున్నాడు. నన్ను పూర్తిగా మర్చిపోయాడు.

ఆ మూడు వందల గురించి ఇంతకంటే చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

ఖానాపూర్ నుంచి జీపు

గోదావరి దాటాక గాలి మారుతుంది. శామ్యూల్ అన్న ఖానాపూర్ దాకా జీపు తెచ్చాడు. వెనక పదిమంది, పైన రెండు పత్తి బస్తాలు. నాకు ముందు సీటు దక్కింది. దాంతో పాటు గేరు పక్కన ఇరుక్కున్న ఒక గోండు అవ్వ కూడా దక్కింది. మాలాగా ఇక్కడెవరూ 'సీటు నాది' అనరు. ఎక్కిన ప్రతి మనిషికీ అందరూ అంగుళం చొప్పున జరుగుతారు.

అవ్వ నా ఒళ్ళోని డబ్బా వైపు చూసింది. "అన్నమా బిడ్డా?"

"కాదవ్వా. పాటలు."

"ఎవలియి?"

శామ్యూల్ అన్న తోవ మీది నుంచి చూపు తిప్పకుండా, "సుగుణ టీచర్‌వి," అన్నాడు.

అవ్వ ఎండిన వేలితో మూత మీది చుక్కలు తడిమింది. "నా మనుమనికి లెక్కలు చెప్పింది. కొట్టకుంట చెప్పింది," అంది. దిగేటప్పుడు డబ్బాకు దండం పెట్టి దిగింది. శామ్యూల్ అన్న ఆమె దగ్గర కిరాయి తీసుకోలేదు. అవ్వ రెండుసార్లు ఇవ్వబోయింది. మా గల్లాపెట్టె పీట మీద కూర్చుని నేనెప్పుడూ చూడని బేరం అది.

ఉట్నూరు: దప్పిక

జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, పప్పు. శామ్యూల్ అన్నే చేశాడు. రొట్టె అంచులు మాడాయి. "ఏడాది నుంచి చేస్తున్న, గీ అంచులే రావట్లే," అన్నాడు.

ప్రొజెక్టర్, సౌండ్ బాక్స్ ముందే సంఘం నుంచి ఇంటికి తెచ్చిపెట్టాడు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు గోడకు ఎదురుగా వేశాడు. ఒక కుర్చీ మీద తుండు పరిచి, తను రెండోదాంట్లో కూర్చున్నాడు. తుండు పరిచిన కుర్చీ నా కోసం కాదని తెలిసి నేను నేల మీదే కూర్చున్నాను.

సాయంత్రం ఆరు అవుతోంది. ముందు కాపీ చేసి ఉండాల్సింది. కానీ ఎనిమిది వందల వస్తువు అన్ని పనులూ ఎలా చేస్తుందో ఆయనకు చూపించాలని నాకు ఆత్రం. ప్రొజెక్టర్ తీగకు వెడల్పు మూతి, సౌండ్ బాక్స్ తీగకు గుండ్రటి మూతి, డిస్కుకు డిస్కు మూతి. అన్నీ సరిగ్గా కూర్చున్నాయి. గోడ మీద నీలిరంగు వెలుగు పడింది. ఫోల్డర్ తెరుచుకుంది. సుగుణ ఒక్కో పాటకూ తేదీ, పాడినవాళ్ళ పేర్లు రాసుకుంది. నలభైకి పైగా ఉన్నాయి.

"కిందికి పో చెల్లె. ఇంకా కిందికి," అని ఆయన చదువుతున్నాడు.

ఒకదాని మీద నొక్కాను. డిస్కులో టిక్కుమంది. లైటు ఆరింది. ఫోల్డర్ మాయమైంది.

తీసి మళ్ళీ పెట్టాను. లైటు వెలిగింది, పేర్లు వచ్చాయి, టిక్కుమంది, ఆరింది. మళ్ళీ పెట్టాను. ల్యాప్‌టాప్ పొట్టలోంచి ప్రొజెక్టర్ తీగ తాగుతోంది, సౌండ్ బాక్స్ తీగ తాగుతోంది, డిస్కు వంతు వచ్చేసరికి ఏమీ మిగలడం లేదు. అప్పుడైనా నాకు కరీంనగర్ మనిషి మాట గుర్తు రాలేదు. వచ్చిందల్లా పంతం. మిగతావన్నీ పీకేసరికి చాలా ఆలస్యమైంది. అప్పటికి ఒక్క డిస్కునే పెట్టినా అదే టిక్కు. ఎన్నిసార్లు పెట్టి తీశానో.

శామ్యూల్ అన్న లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపు చెల్లె. ఆఖరి దినాలల్ల ఆమె గిట్లనే లేవబోయేది, లేవబోయేది, పండుకునేది. ఆపు."

తుండు తీసి మడతపెట్టి, ఆ ఖాళీ కుర్చీని దాని జాగాలో పెట్టేశాడు.

ఆదిలాబాద్: పళ్ళెం

శనివారం పొద్దున జీపులోనే ఆదిలాబాద్ వెళ్ళాం. మా ఊళ్ళో పొద్దున్నే ఇడ్లీ, పూరీ. అక్కడ అటుకుల పోహా. మీద సన్నకారప్పూస చల్లి, నిమ్మచెక్క పెట్టి ముప్పై రూపాయలకు ఇచ్చారు. బాగుందని అన్నాను గానీ ఇద్దరం సగం సగం వదిలేశాం.

మేము వెతుక్కుని వెళ్ళిన దుకాణం యజమానికి అరవై దాటాయి. ముందు రేడియోలు బాగుచేసేవాడట. నన్ను 'తాయీ' అన్నాడు. అక్కను అక్కడ కొందరు మరాఠీలో అలా పిలుస్తారు. నా చిన్న వస్తువును చూసి పక్కన పెట్టేశాడు. డిస్కును ఇటుకంత డాక్‌కు పెట్టి, దాని సొంత కరెంటు వేసి, చెవి ఆనించాడు.

"లోపట పళ్ళెం ఉంటది తాయీ. దాని మీద సూది తిరుగుతది. తిరిగేటప్పుడు కరెంటు సరిపోకపోతే సూది పళ్ళెం మీద వడుతది. గీకుతున్నది ఇనుండ్రి. ఎన్నిసార్లు లేపిన్రు దీన్ని?"

"పదిహేనుసార్లు ఉంటది."

"ముందే కాపీ ఎందుకు చేస్కోలే?"

శామ్యూల్ అన్న నా వైపు చూశాడు. నాకు తోచిన అబద్ధాలు మూడో నాలుగో నోటిదాకా వచ్చాయి. దుకాణంలో పెరిగిన వాళ్ళకు అవి సిద్ధంగా ఉంటాయి. కానీ ఆయన ఒళ్ళో ఖాళీ టిఫిన్ డబ్బా ఉంది.

"మెట్‌పల్లిల మూడు వందలడిగిండు. నేను నూట యాభై అన్న. పిలుస్తడనుకుని వచ్చేసిన," అన్నాను. "కరీంనగర్‌ల గూడ గీ పెద్దదే తీస్కొమ్మన్నడు. నేనే తీస్కోలే."

ముసలాయన ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి, చిక్కినంత గీకి తీస్తానన్నాడు. రెండు గంటలు కూర్చున్నాం. తెర మీద పేర్లు ఒకటొకటిగా వచ్చాయి, పక్కన సున్నాలు పడ్డాయి. ఒక్కదాని పక్కన మాత్రం ఏదో మిగిలింది. డిస్కు చివరిసారి గీకి, చప్పుడు లేకుండా ఆగిపోయింది.

"గింతే వచ్చింది. పదకొండు సెకన్లు." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంక లేపకుండ్రి. హైదరాబాద్‌ల ఇప్పి చూసెటోళ్ళుంటరు. ఆశ పెట్టుకోకుండ్రి గని అడుగుండ్రి."

తర్వాత ఇంటికి వచ్చాక పంపాను, ధర అడగకుండా పంపాను. పళ్ళెం మీద ఏమీ మిగలలేదని రాసి తిప్పి పంపారు.

కూడికలో ఫోటో చూపించాలి, ఆ పదకొండు సెకన్లయినా వినిపించాలి. డాక్ ఎంతన్నాను. నాలుగువేల రెండు వందలన్నాడు. లెక్కపెట్టి ఇచ్చాను. ఆయన నోట్లు చేతిలో పట్టుకుని కొంచెం ఇబ్బందిగా నిలబడ్డాడు.

"బేరమాడుతరని రెండు వందలు మీదికెల్లి చెప్పిన తాయీ," అని రెండు నోట్లు వెనక్కి చాచాడు.

"ఉండనియ్యుండ్రి," అన్నాను. నా జీవితంలో ఆ మాట అనడం అదే మొదలు. అప్పటికి దానితో ఎవరికీ పని లేదు.

ఎక్కేముందు జీపు బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టి పదకొండు సెకన్లు విన్నాం. పాట లేదు. పాటకు ముందటి మాటలే ఉన్నాయి. శామ్యూల్ అన్న తల ఊపి తాళం తిప్పాడు.

టీ కోసం ఆగిన చోట గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఆయనే మొదలుపెట్టాడు.

"సుగుణ నిన్ను జూసి బేరం నేర్సుకుందామని మస్తు తిప్పలు వడ్డది. అంగడిల కూరగాయలోళ్ళ కాడ నాలుగడుగులు ఏసి నిలవడేది. ఎవ్వలు పిలువకపోయేది. మళ్ళ తిరిగొచ్చి, నవ్వుకుంట, వాళ్ళడిగిందే ఇచ్చి తీస్కొచ్చేది. 'మా స్టీలు దుకాణపామె అయితే పిలుస్తరు, నన్ను ఎవ్వలు పిలువరు' అనేది."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వబోయాను. టీ ఒలికింది. టీ కొట్టు మనిషి నా గ్లాసు కింద సాసర్ పెట్టి వెళ్ళిపోయాడు.

కూడిక

ఆదివారం సంఘంలో చాపలు పరిచారు. ఒక వైపు మగవాళ్ళు, ఒక వైపు ఆడవాళ్ళు. చెప్పులు గుమ్మం బయట వరుసగా పెట్టారు, మా ఇళ్ళలో పెళ్ళికి విడిచినట్టు చిందరవందరగా కాదు. వచ్చిన ప్రతివాళ్ళూ నాకు 'వందనాలమ్మా' అన్నారు. ముందు వరుసలో తెల్లచీరల్లో ఆరుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. సుగుణ పాటలు నేర్పి పాడించింది వాళ్ళ చేతనే. జీపులో కలిసిన అవ్వ కూడా మనవడిని వెంటబెట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది.

డాక్‌కు అన్నీ పెట్టాను. ప్రొజెక్టర్, సౌండ్ బాక్స్, ఛార్జర్. అన్నిటికీ జాగా ఉంది, కరెంటు సరిపోయింది. డిస్కు పెట్టాల్సిన మూతి ఒక్కటి ఖాళీగా ఉండిపోయింది.

గోడ మీద సుగుణ ఫోటో వచ్చింది. రూతు కోసం నా ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి ఒళ్ళో పెట్టుకున్నాను. తర్వాత ఆ పదకొండు సెకన్లు వేశాను.

చప్పట్లు రెండుసార్లు చరిచిన చప్పుడు. ఆమె గొంతు, కొంచెం విసుగుతో, కొంచెం నవ్వుతో. "ఆగుండ్రి, ఆగుండ్రి. గట్ల గాదు. ఇంకోసారి. మొదటి సంది." ఒక చిన్న కూనిరాగం, శ్రుతి అందించడానికి. "ఒకటి, రెండు..."

అంతే. ఆగిపోయింది.

ఆపడానికి చెయ్యి పెట్టబోయాను. అంతలో ముందు వరుసలో ఆరుగురూ లేచి నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు. ఏళ్ళ తరబడి ఆ 'రెండు' తర్వాత ఏం చేశారో అదే చేశారు. పాట ఎత్తుకున్నారు.

రెండు చరణాలు అందరూ పాడారు. మూడో చరణం దగ్గర అందరూ ఆగారు. ఎవరైనా మరిచిపోయారేమోనని చూశాను. కాదు. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. బయట ఎవరిదో మేక అరిచింది. ఆరుగురూ చేతులు కట్టుకుని, పెదాలు మూసుకుని, ఒక పూర్తి చరణమంతసేపు నిలబడ్డారు. తర్వాత మళ్ళీ కలిసి ఎత్తుకున్నారు. అది సుగుణ ఒక్కతే పాడే చరణమట. శామ్యూల్ అన్న వినాలనుకున్నది అదేనని అప్పుడు తెలిసింది.

ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. అందరూ ఆగిన ఆ కాసేపు ఆయన పెదాలు మాత్రం కదిలాయి.

భోజనాల దగ్గర విస్తట్లో అన్నం వడ్డిస్తూ, "ఇంక మిగిలినయ్ ఏమన్న వస్తయా చెల్లె?" అని అడిగాడు.

"రావన్నా."

"సరే," అని పప్పు పోశాడు. ఇంకొంచెం పోశాడు.

మళ్ళీ మెట్‌పల్లి

సోమవారం తిరుగు ప్రయాణం. టిఫిన్ డబ్బా శామ్యూల్ అన్న ఉంచుకోలేదు, రూతుకు ఇమ్మన్నాడు. లోపల డిస్కు లేకపోతే ఎంత తేలికగా ఉంటుందో. అయినా బస్సంతా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

రూతు పాపకు పాలిస్తోంది. మెట్ల కింది మనిషి దగ్గర ఏం జరిగిందో నేనే చెప్పాను. మూడు వందలు, నూట యాభై, నాలుగు అడుగులు. తగ్గించి చెప్పలేదు. తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండేది. ఎదుటి మనిషి ఒక మాట అంటే మనం ఒక మాట అనొచ్చు, ఎక్కడో ఒక చోట కలుసుకోవచ్చు. రూతు ఏమీ అడగలేదు, అందుకే నా దగ్గర ఇవ్వడానికీ ఏమీ లేకపోయింది.

"ఎంతున్నది అమ్మ గొంతు?" అంది చివరికి.

"పదకొండు సెకన్లు. తర్వాత వాళ్ళు పాడిన పాట ఉన్నది."

"పంపు."

పంపాను. ఫోన్ టింగుమంది. ఆమె తెరవలేదు. డబ్బాను దిండు పక్కన పెట్టుకుంది. రూతు అత్త తలుపు దాకా వచ్చి, "పదిలం," అంది. ఆమె ఈసారి నవ్వలేదు.

వాకిలి దాటాను. బస్టాండుకు ఎడమ వైపు తిరగాలి. ఒక అడుగు, రెండు, మూడు. నాలుగో అడుగు దగ్గర నా కాళ్ళు వాటంతటవే నిదానించాయి. చిన్ననాటి అలవాటు, సిగ్గు లేదు వాటికి. రూతు పిలవదని నాకు తెలుసు. పిలిస్తే ఏ మొహంతో తిరిగి వెళ్ళాలో కూడా తెలియదు.

లోపలి నుంచి రెండు చప్పట్లు వినిపించాయి.

"ఆగుండ్రి, ఆగుండ్రి. గట్ల గాదు. ఇంకోసారి. మొదటి సంది."

ఆగాను. నడిరోడ్డు మీద, సంచి భుజానికి వేలాడుతుండగా, అయిదో అడుగు వేయకుండా నిలబడ్డాను. కూనిరాగం వినిపించింది. ఒకటి, రెండు వినిపించింది. పాట మొదలవకముందే రూతు దాన్ని ఆపేసి, మళ్ళీ మొదటి నుంచి పెట్టింది.